ఊరి పేరు ఒకటే... మాట తీరు వేరు!

రొంపిచెర్ల అనగానే మీకు ఏ ఊరు గుర్తొస్తుంది? నరసరావుపేట వాళ్ళని అడిగితే, 'మా పక్కనేగా' అంటూ పల్నాడులోని రొంపిచెర్లని చూపిస్తారు. పీలేరు వాళ్ళని అడిగితే చిత్తూరు జిల్లాలో ఉన్న రొంపిచెర్ల గురించి చెబుతారు. రెండూ మండలాలే. రెండు చోట్లా మాట్లాడేది తెలుగే. ఆ ఊరి పెద్దాయన్నీ, ఈ ఊరి పెద్దాయన్నీ తీసుకొచ్చి ఒకే బస్టాండులో కూర్చోబెట్టామనుకోండి. 'ఏందయ్యా, బస్సు వచ్చుద్దా రాదా?' అంటాడు పల్నాటాయన. 'ఏమబ్బా, బస్సు వస్తాదా రాదా?' అంటాడు చిత్తూరాయన. ఇద్దరికీ ఇద్దరి మాటా అర్థమవుతుంది. బస్సు గురించిన బెంగ కూడా ఇద్దరిదీ ఒకటే.

ఇంతలో మూడో మనిషి వచ్చి, 'బస్సు వస్తుందా, రాదా?' అని అడిగాడు. ఇక్కడే మనలో చాలామంది ఒక తీర్పు చెప్పేస్తాం. మూడో ఆయనది 'మంచి తెలుగు', మొదటి ఇద్దరిదీ 'యాస' అని. ఆ మూడో ఆయన ఏ ఊరివాడు, ఏం చదివాడు, అసలు మంచివాడా కాదా... ఏమీ తెలియదు. అయినా మార్కులు వేసేశాం!

నిజానికి యాస లేని మనిషంటూ ఉండడు. నోరు తెరిచి మాట్లాడే ప్రతివాళ్ళకీ ఒక పలుకుబడి ఉంటుంది. పలికే తీరును యాస అంటాం. తీరుతో పాటు మాటలూ, క్రియలూ కూడా ఒక ప్రాంతానికి ప్రత్యేకంగా ఉంటే దాన్ని మాండలికం అంటాం. మనది మనకు వినిపించదు, అంతే. మన ఇంటి వాసన మనకు తెలియనట్టు. పక్కవాళ్ళది మాత్రం గుమ్మంలోనే తెలిసిపోతుంది.

ఎవరి తెలుగు 'అసలు' తెలుగు?

వందేళ్ళ క్రితం దాకా మన పుస్తకాల్లో ఉన్న తెలుగు ఎవరి ఇంట్లోనూ మాట్లాడేది కాదు. అది గ్రాంథికం. పరవస్తు చిన్నయసూరి రాసిన వ్యాకరణమే దానికి కొలబద్ద. అలాంటి కాలంలో గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంలో విజయనగరం వీధుల్లో వినపడే మాటల్ని వేదిక మీద పెట్టారు. ఆ నాటకాన్ని మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. జనం మాట్లాడే భాషలోనే పాఠాలు ఉండాలని గిడుగు రామమూర్తి పోరాడారు. అందుకే ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గిడుగు గురించి మరో సంగతి కూడా చెప్పుకోవాలి. కొండల్లో బతికే సవరల భాషను నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది కూడా ఆయనే. ఎవరూ పట్టించుకోని మనుషుల మాటని శ్రద్ధగా విన్న చెవి కాబట్టే, మన ఇళ్ళల్లోని తెలుగు విలువ కూడా ఆయనకు తెలిసింది.

వాడుక భాష గెలిచింది. బాగానే ఉంది. కానీ ఎవరి వాడుక? పత్రికలకీ, పాఠ్యపుస్తకాలకీ, రేడియోకీ, సినిమాకీ ఎక్కింది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ వాడుక. మిగతా ప్రాంతాల వాళ్ళకి అది మళ్ళీ ఒక గ్రాంథికమే అయింది. ప్రజాకవి కాళోజీ నారాయణరావు జీవితమంతా ఎత్తిచూపింది ఈ అన్యాయాన్నే. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వం భాషా దినోత్సవం చేసింది. పదకొండు రోజుల తేడాతో తెలుగువాళ్ళకి రెండు భాషా దినోత్సవాలు రావడం వెనక ఇంత కథ ఉంది.

భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చేసిన పని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రైతులు వాడే మాటల్ని రాష్ట్రమంతా సేకరించి తయారుచేసిన మాండలిక వృత్తి పదకోశం 1962లో వెలువడింది. తర్వాత 1971లో చేనేతవాళ్ళ మాటలతో మరో సంపుటం వచ్చింది. ఆ సేకరణ ఆధారంగా ఆయన తెలుగుని తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విడదీశారు. అందులో ఏదీ మొదటి ర్యాంకూ కాదు, ఏదీ ఆఖరి ర్యాంకూ కాదు. నాగలినీ, మగ్గాన్నీ నమ్ముకున్నవాళ్ళు తరతరాలుగా కాపాడుకొచ్చిన మాటలవి. వాటిని 'మోటు' అనేసి పక్కన పెట్టే ముందు, అవి లేకపోతే ఆ పనులే నడవవని తెలుసుకోవాలి.

పల్నాడు... అటూ ఇటూ కాని మధ్యలో!

ఈ లెక్కలో పల్నాడు పరిస్థితి విచిత్రం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయ్యేదాకా ఇది గుంటూరు జిల్లాలో భాగం. అంటే పటం ప్రకారం 'ప్రామాణిక' తెలుగు పుట్టిన ప్రాంతంలోదే. మరి రొంపిచెర్ల రైతు 'ఆ చేను కాడికి ఎట్టా పోయేది?' అంటే గుంటూరు, తెనాలి వైపు చుట్టాల పెదాల మీద చిన్న నవ్వు ఎందుకొస్తుంది? అదే రైతు కొడుకు హైదరాబాద్ వెళ్తే అక్కడివాళ్ళు 'ఆంధ్రా భాష' అని ఎందుకంటారు? ఒకచోట మోటు, మరోచోట పెత్తనం... మాట మాత్రం ఒకటే! దీన్నిబట్టే తెలియడం లేదూ, తేడా మాటలో లేదని, వినేవాళ్ళ మనసులో ఉందని!

పల్నాడుని చిన్నచూపు చూడడం నిన్నమొన్నటిది కాదు. ఇక్కడి రాళ్ళనీ, నీటి ఎద్దడినీ, జొన్నకూటినీ వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేరు మీద ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే శ్రీనాథుడి పేరు మీద 'పల్నాటి వీరచరిత్ర' కూడా ఉండటం చూడండి! ఇక ఆ కథని ఊరూరా పాడి బతికించింది పండితులు కాదు, వీరవిద్యావంతులు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కారంపూడి యుద్ధం... వాళ్ళ గొంతుల్లోంచే జనానికి చేరాయి. జీన్ రోగైర్ అనే అమెరికా పరిశోధకుడు ఇక్కడికి వచ్చి, ఆ గాయకుల్లో ఒకరైన అలిసెట్టి గాలెయ్య పాడిన కథని ఆధారం చేసుకుని ఇంగ్లిషులో పెద్ద గ్రంథమే రాశారు. అది 1982లో అచ్చయింది. మనం 'పల్లెటూరి మాట' అని పక్కన పెట్టినదాన్ని సముద్రాలు దాటొచ్చినాయన చెవి ఒగ్గి విన్నాడన్నమాట.

అలాగని పల్నాటివాళ్ళంతా ఇతరుల యాసను గౌరవిస్తారనుకుంటే పొరపాటే. తండాల నుంచి వచ్చిన సుగాలీలు ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు. తెలుగు వాళ్ళకి రెండో భాష. సంతలో వాళ్ళ తెలుగుని అనుకరించి నవ్వేవాళ్ళు ఇక్కడా ఉంటారు. ఇదొక నిచ్చెనలాంటిది. పైమెట్టు వాడు తనని చూసి నవ్వాడని బాధపడినవాడే, కిందిమెట్టు వాడిని చూసి నవ్వుతాడు.

చెవి చెప్పే అబద్ధం

యాసని బట్టి మనిషిని అంచనా వెయ్యడం ప్రపంచమంతా ఉన్నదే. బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథంలో ఒక కథ ఉంది. యొర్దాను రేవు దాటడానికి వచ్చినవాళ్ళని 'షిబ్బోలెతు' అనే మాట పలకమంటారు. 'ష' పలకలేక 'సిబ్బోలెతు' అన్నవాళ్ళని శత్రువులుగా గుర్తుపట్టి చంపేస్తారు. అలా 42 వేలమంది పోయారంటుందా గ్రంథం. ఒక్క అక్షరం తేడాకి!

ఇప్పుడు కత్తులు లేవు. అయినా చెవి మారలేదని పరిశోధనలు చెబుతున్నాయి. 1960 ప్రాంతంలో కెనడాలోని మాంట్రియల్‌లో వాలెస్ లాంబర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక తమాషా పరీక్ష పెట్టారు. ఇంగ్లిషు, ఫ్రెంచి రెండూ బాగా వచ్చినవాళ్ళ గొంతుల్ని రెండు భాషల్లోనూ రికార్డు చేసి వినిపించారు. అవి ఒకే మనిషి గొంతులని వినేవాళ్ళకి చెప్పలేదు. ఇంగ్లిషులో మాట్లాడినప్పుడు తెలివైనవాడిగా, అందగాడిగా కనిపించిన మనిషే ఫ్రెంచిలో మాట్లాడేసరికి తక్కువగా కనిపించాడు. అసలు ఆశ్చర్యం ఏమిటంటే, ఫ్రెంచి మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా ఫ్రెంచి గొంతుకే తక్కువ మార్కులు వేశారు! సొంత మాటని తామే తక్కువ చేసుకోవడం మనకొక్కరికే పట్టిన జబ్బు కాదన్నమాట.

1992లో అమెరికాలో డొనాల్డ్ రూబిన్ చేసిన పరీక్ష ఇంకా విచిత్రమైనది. విద్యార్థులందరికీ ఒకే పాఠం, ఒకే గొంతుతో వినిపించారు. మాట్లాడింది అమెరికా ఆవిడే. కొందరికి మాత్రం ఆ గొంతుతో పాటు తెల్లజాతి ఆవిడ ఫొటో, ఇంకొందరికి ఆసియా ఆవిడ ఫొటో చూపించారు. ఆసియా ముఖం చూసినవాళ్ళకి లేని యాస వినిపించింది. పాఠం కూడా తక్కువ అర్థమైంది! అంటే వినేది చెవి ఒక్కటే కాదు, మనలోని అభిప్రాయం కూడా.

2010లో షికాగో విశ్వవిద్యాలయంలో షిరి లెవ్-అరి, బోజ్ కైసర్ చేసిన పరిశోధన దీనికి ఒక కారణాన్ని చెబుతుంది. అలవాటు లేని యాసని అర్థం చేసుకోవడానికి మెదడు కాస్త ఎక్కువ కష్టపడాలి. ఆ కష్టాన్ని మనం గుర్తించం. 'ఈ మాట నమ్మేలా లేదే' అని చెప్పేవాళ్ళ మీదికి నెట్టేస్తాం. అలాంటి పొరపాటు జరుగుతుందని ముందే చెబితే, యాస స్వల్పంగా ఉన్నవాళ్ళ విషయంలో శ్రోతలు సర్దుకోగలిగారు. యాస బాగా ఎక్కువగా ఉంటే మాత్రం సర్దుకోలేకపోయారు. కాబట్టి తెలుసుకుంటే సరిపోదు, వినే అలవాటు కూడా చేసుకోవాలి.

నవ్వితే ఏం పోయింది?

'సరదాగా నవ్వాం, దానికేం?' అంటారు చాలామంది. పోయేది ఏమిటో కాస్త చూద్దాం.

రొంపిచెర్ల నుంచి ఒక కుర్రాడు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరాడనుకుందాం. మొదటిరోజు క్లాసులో లేచి 'సార్, ఇది ఎట్టా వచ్చిద్ది?' అని అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. లెక్చరరు కూడా చిరునవ్వు నవ్వాడు. ఆ కుర్రాడు ఏం నేర్చుకున్నాడు? లెక్క కాదు... మళ్ళీ లేచి అడగకూడదని నేర్చుకున్నాడు. రెండేళ్ళలో అతను మింగేసిన సందేహాలు ఎన్నో ఏ మార్కుల లిస్టులోనూ కనపడవు.

శ్రీకాకుళం నుంచి పల్నాడుకి కోడలుగా వచ్చిన అమ్మాయి సంగతి చూడండి. 'ఆనపకాయ' తెమ్మంటే ఎవరికీ తెలియదు. 'సొరకాయ' అని తెలిశాక ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. పక్కింటి చిన్నపిల్లని 'గుంట' అని ముద్దుగా పిలిస్తే అదో పెద్ద జోకు అయింది. అక్కడ గుంట అంటే ఆడపిల్ల. ఇక్కడేమో గొయ్యి. వచ్చినవాళ్ళందరికీ ఆ జోకు చెప్పడం, ఆ అమ్మాయి తలొంచుకోవడం. నాలుగు నెలల తర్వాత 'మా కోడలు పెద్దగా మాట్లాడదండీ, నెమ్మదస్తురాలు' అంటారు అత్తగారు. నెమ్మదస్తురాలు కాదు... నోరు తెరిస్తే నవ్వుతారన్న భయం!

ఆస్పత్రిలో అయితే నవ్వు దాకా కూడా అక్కర్లేదు. తెలియకపోవడమే ప్రమాదం. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ 'దమ్ము వస్తున్నది బిడ్డా' అంటే ఊపిరి ఆడటం లేదని అర్థం. గోదావరి జిల్లా రైతుకి దమ్ము అంటే నాట్లకు ముందు పొలంలో చేసే పని. సినిమా హీరోకి దమ్ము అంటే ధైర్యం. బీడీ తాగేవాడికి ఒక పీల్పు. ఆ ముసలమ్మ ముందు కూర్చున్న డాక్టరు 'దమ్మంటే ఏంటమ్మా, ఎక్కడ ఇబ్బందిగా ఉంది?' అని ఒక్క ప్రశ్న వెయ్యాలి. అంతే. విసుక్కుంటే ఆమె సగం చెప్పి ఆపేస్తుంది.

చూశారుగా, మూడు చోట్లా జరిగింది ఒకటే. నోరు మూతపడింది. యాసని వెక్కిరిస్తే పోయేది పరువు ఒక్కటే కాదు, చెప్పాల్సిన మాట.

తెర మారింది, మనమో?

ఒకప్పటి సినిమాల్లో హీరోకి కృష్ణా జిల్లా భాష, విలన్‌కో కమెడియన్‌కో తెలంగాణ యాస. 1985 నాటి 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు పాత్ర గుర్తుందిగా! ఇప్పుడా గీత చెరిగింది. 2017లో వచ్చిన 'ఫిదా'లో తెలంగాణ మాట కథానాయికది. తెలుగు మాతృభాష కాని సాయిపల్లవి ఆ యాస నేర్చుకుని సొంత గొంతుతో చెప్పింది. 2021 నాటి 'పుష్ప'లో చిత్తూరు యాస హీరోది. ఆ పాత్రకే అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. 2023లో 'బలగం' సినిమాని ఊళ్ళల్లో తెరలు కట్టుకుని మరీ చూశారు.

సాహిత్యంలో ఈ పని ఎప్పుడో మొదలైంది. పాకాల యశోదారెడ్డి తెలంగాణ పల్లె మాటల్లో కథలు చెప్పారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పలుకుతో 'పచ్చనాకు సాక్షిగా' రాశారు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'తో నెల్లూరు సీమ ముస్లిం ఇళ్ళని మన కళ్ళ ముందు పెట్టారు. వాటిని ఎవరూ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవలేదు. ఇష్టంగా చదివితే అర్థమయ్యాయి.

ఐతే ఒక అనుమానం. తెర మీద ముచ్చటేసిన యాస, ఇంటర్వ్యూ గదిలో కూడా ముచ్చటేస్తుందా? హీరో నోట చప్పట్లు కొట్టించుకున్న మాటని, మన పాప టీచరు నోట వింటే 'ఈవిడేం చెబుతుందిలే' అనుకోకుండా ఉంటామా? యాసని నటులకి వేసే వేషంగా చూసినంత కాలం అది గౌరవం కాదు. ఆ యాసతోనే ఒకరు సైన్సు పాఠం చెబుతుంటే, బ్యాంకులో లోను గురించి వివరిస్తుంటే శ్రద్ధగా విన్నప్పుడే అది గౌరవం.

ఇంగ్లిషు విషయంలో అయితే మన భయం మరీ ఎక్కువ. కాల్‌సెంటర్లు వచ్చిన కొత్తలో మన పిల్లలకి పేర్లు మార్చి, ఉచ్చారణ మార్చి శిక్షణ ఇచ్చారు. 2025 నాటికి ఆ శిక్షణ కూడా యంత్రం చేతికి వచ్చింది. భారతీయ ఉద్యోగుల ఉచ్చారణను ఫోన్లోనే అప్పటికప్పుడు మార్చే సాఫ్ట్‌వేర్‌ని టెలిపెర్ఫార్మెన్స్ అనే ఫ్రాన్స్ సంస్థ వాడటం మొదలుపెట్టింది. అవతలివాళ్ళు వినడం నేర్చుకోనక్కర్లేదు, ఇవతలివాళ్ళ గొంతే మారిపోతుంది!

యంత్రాలకి కూడా యాస తేడాలు ఉంటాయని మరిచిపోకూడదు. మాటని అక్షరాలుగా మార్చే అయిదు పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లని పరిశీలించి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో ఒక లెక్క చెప్పారు. అమెరికాలో తెల్లవాళ్ళు మాట్లాడితే వందకి సగటున 19 మాటలు తప్పు పోతుంటే, నల్లవాళ్ళు మాట్లాడితే 35 మాటలు తప్పు పోయాయి. నేర్పినవాళ్ళు ఎవరి గొంతులతో నేర్పితే యంత్రానికి వాళ్ళ మాటే వచ్చుద్ది మరి! రేపు పల్నాటి మిర్చి రైతు ఫోన్లో నోటితో ధర అడిగితే అర్థం కావాలంటే, ఆ ఫోనుకి న్యూస్ రీడరు తెలుగు ఒక్కటే చాలదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, గూగుల్ కలిసి దేశంలోని జిల్లా జిల్లా నుంచీ గొంతులు సేకరించే 'వాణి' ప్రాజెక్టుని చేపట్టింది ఇందుకే.

మరి పిల్లలకి ఏం చెప్పాలి?

'అయితే పిల్లలకి మంచి భాష నేర్పొద్దా?' అని మీరు అడగొచ్చు. తప్పకుండా నేర్పాలి. పరీక్ష రాయాలన్నా, అర్జీ పెట్టాలన్నా, శ్రీకాకుళం వాళ్ళతో అనంతపురం వాళ్ళు మాట్లాడాలన్నా అందరికీ తెలిసిన ఒక తెలుగు అవసరమే. అయితే అది ఉన్నదాని మీద ఇంకొకటి చేర్చడం కావాలి. ఉన్నదాన్ని తీసేయడం కాకూడదు. పెళ్ళికి పట్టుబట్టలు కొన్నామని ఇంట్లో కట్టుకునే నేతచీరని పారేస్తామా?

పెద్దవాళ్ళం మనం చెయ్యగలిగినవి చిన్నవే. ఎవరి మాటైనా అర్థం కాకపోతే 'ఏంటో' అని మొహం పెట్టకుండా 'అంటే ఏమిటండీ?' అని అడుగుదాం. ఎదుటివాళ్ళ మాటని వాళ్ళ ముందే అనుకరించడం మానేద్దాం. పిల్లల్ని సరిచెయ్యాల్సి వస్తే నలుగురిలో వద్దు. బామ్మ మాట్లాడుతుంటే 'అట్లా అనకూడదు' అని మనవడి ముందు ఆమెని దిద్దడం అసలే వద్దు. ఆమె ఆ మాటతోనే పిల్లల్ని పెంచింది, పొలం చేయించింది, పది పెళ్ళిళ్ళు నడిపించింది.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు పిల్లలకి ఒక పని అప్పజెప్పండి. వంటింట్లో, పశువుల పాకలో, కల్లంలో కనిపించే వస్తువుల పేర్లు తాతనీ బామ్మనీ అడిగి ఒక నోటుబుక్కులో రాయమనండి. వేరుశనగని మీ ఇంట్లో ఏమంటారు, అనంతపురం స్నేహితుడు బుడ్డలని ఎందుకంటాడు, హైదరాబాద్‌లో పల్లీలని ఎందుకంటారు... అడిగి తెలుసుకోమనండి. గోంగూరని కొన్నిచోట్ల గోగాకు అనీ, తెలంగాణలో పుంటికూర అనీ అంటారని తెలిస్తే కూర రుచేమీ తగ్గదు. ఆ నోటుబుక్కు నిండేసరికి పిల్లలకి మాటలతో పాటు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది... బామ్మ దగ్గర తమకి తెలియనివి చాలా ఉన్నాయని. ఈసారి క్లాసులో ఎవరైనా 'ఎట్టా వచ్చిద్ది సార్?' అని అడిగితే, వాళ్ళు నవ్వరు. ఆ పక్క పిల్లవాడితో పాటు తామూ బోర్డు వైపు చూస్తారు.